నాలుగింటికి వెలిగే నారింజ బల్బు

నాగబాబు బిగించిన స్విచ్చి అబద్ధం చెప్పదని నేనే పదిమందికి చెప్పేవాణ్ణి. గుణదల కొండకు వెళ్ళే దారిలో, ఎడమచేతి సందు మొదట్లో మా షాపులు పక్కపక్కనే ఉండేవి. నాది మోటార్ల వైండింగు. అతనిది మొదట రేడియోలు, టీవీల రిపేరు. తొంభైలలో బంగారం కొట్లకు దొంగల అలారాలు బిగించే ఒక కంపెనీలో నాలుగేళ్ళు చేసి, ఆ పని చూసి నేర్చుకుని సొంతంగా పెట్టుకున్నాడు. చదివింది ఏడో తరగతి. టంకం పెడితే మాత్రం ముత్యం పెట్టినట్టుండేది. మాట తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే సమాధానం చెప్పకుండా స్క్రూడ్రైవరు తీసేవాడు.

అతని తల్లి రత్తమ్మ. కైకలూరు అవతల కొల్లేటి లంకలో పుట్టింది. భర్త పేరయ్య సరస్సు మీద చేపలు పట్టేవాడు. నాగబాబుకు ఐదేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయాడు. నాగబాబు కంటే ముందు పుట్టిన ఇద్దరిలో పురిట్లో ఒకరు, నడక వచ్చాక ఒకరు పోయారు. మిగిలిన ఒక్కణ్ణీ చంకనేసుకుని రత్తమ్మ బెజవాడ వచ్చింది. తెల్లవారుజామున చేపల మార్కెట్లో కొర్రమేనులు, జెల్లలు కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని గుణదల, మాచవరం వీధులు తిరిగి మధ్యాహ్నానికి ఖాళీ చేసేది. పాతికేళ్ళు ఆ గంపే ఇల్లు నడిపింది.

ఆవిడకు ఒకే ఒక్క స్నేహితురాలు ఎలిజబెత్. డెబ్భై ఏడు ఉప్పెనలో దివిసీమలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, తమ్ముణ్ణి అక్కడే వదిలి ఇక్కడికి వచ్చి, మేరీమాత గుడి దారిలో కొవ్వొత్తులు, దండలు అమ్ముకునేది. మా సందుకు రెండు సందుల అవతల ఒక గది ఇంట్లో ఉండేది. రత్తమ్మ ఖాళీ గంప ఆమె అరుగు మీద దించి, ఆమె పెట్టింది తిని, సాయంత్రం దాకా పోట్లాడుకుని ఇంటికి వచ్చేది. మోకాళ్ళు పోయి గంప మానేసిన తర్వాత కూడా రోజూ నాలుగింటికి వెళ్ళేది. అప్పటికి ఎలిజబెత్‌కు షుగరు ముదిరింది. చూపు మసకేసింది. కుడి పాదం అడుగున పుండు. అది ఆమెకు కనపడదు, చెయ్యీ అందదు. రత్తమ్మ ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మందు రాసి, గుడ్డ కట్టి వచ్చేది. ఇది ఎవరికీ చెప్పలేదు. కొల్లేటి వైపు పిల్లే అయిన కోడలు హేమ కూడా కబుర్లకే వెళ్తోందనుకునేది.

నాగబాబు ఇల్లు షాపుకు నలభై గజాల దూరంలో, మేడ మీద రెండు గదులు. పక్కన పిట్టగోడ లేని ఇరుకు మెట్లు, పద్దెనిమిది. రెండువేల నాలుగు జూలైలో ఒక మధ్యాహ్నం ఎలిజబెత్ దగ్గరికని బయల్దేరి రత్తమ్మ ఆ మెట్ల మీద పడింది. ఎడమ మణికట్టు విరిగింది, తల పగిలింది. కింద వాటా వాళ్ళు ఊళ్ళో లేరు. హేమ చీరలకు ఫాల్సు కుట్టే షాపు నుంచి ఐదున్నరకు వచ్చి చూసేదాకా గంటన్నర సేపు అలాగే పడి ఉంది. నలభై గజాల దూరంలో నాగబాబు ఎవరిదో టేపురికార్డరు విప్పుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో కుట్లు వేసిన తర్వాత అతను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి మంచి చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "నేను చెప్పేదాకా గడప దాటనని ఒట్టెయ్యి" అన్నాడు. ఆవిడ వెయ్యనంది. "వెయ్యమ్మా" అని ఏడ్చాడు. వేసింది.

వాళ్ళ లంకలో ఒక పట్టింపు ఉంది. నెత్తిన చెయ్యి పెట్టించి వేయించుకున్న ఒట్టును, వేయించుకున్నవాడే తనంతట తాను తియ్యాలి. అడిగి తీయించుకుంటే తీసినట్టు కాదు, ఆ దోషం ఎవరి నెత్తిన చెయ్యి పెట్టారో వాళ్ళకే తగులుతుంది. ఇద్దరు పిల్లలు పోగా మిగిలినవాడి నెత్తి అది. రత్తమ్మ అడగదు. ఐదేళ్ళకే పల్లె వదిలి వైర్ల మధ్య పెరిగిన నాగబాబుకు ఆ పట్టింపు తెలియదు. వారం తిరిగేసరికి ఒట్టు సంగతే మర్చిపోయాడు. అతని బుర్ర అప్పటికే వేరే పనిలో పడింది.

ఆ పని మాత్రం చూసి తీరాల్సిందే. మంచం పక్కన, గుమ్మం లోపల, గడప బయట మూడు చాపలు వేశాడు. ఒక్కొక్క దానిలో రెండు పల్చటి రేకులు, మధ్యలో చిల్లులు పొడిచిన స్పాంజి. కాలు పెడితే రేకులు కలుస్తాయి, షాపులో బల్బు వెలుగుతుంది. స్నానాలగది తలుపుకు అయస్కాంతం స్విచ్చి, మూస్తే బల్బు వెలుగుతుంది. వంటగదిలో మనిషి కదిలితే పసిగట్టే కన్ను. అది బంగారం కొట్టులో పాతది తీసి కొత్తది వేసినప్పుడు దాచుకున్నది. అన్నిటి నుంచి టెలిఫోను తీగ గోడల వెంబడి, చూరుల కింద నుంచి షాపుకు లాగాడు. ఒక్క చోట కూడా తీగ వేలాడలేదు. షాపులో చెక్క బోర్డు మీద ఐదు చిన్న బల్బులు. మంచానికి ఆకుపచ్చ, వంటగదికి తెలుపు, స్నానాలగదికి పసుపు, గుమ్మం చాపకు నారింజ, గడప బయటి చాపకు ఎరుపు. పసుపు బల్బు పావుగంట దాటి వెలిగితే బజరు మోగుతుంది. పక్కన ఒక నోటుపుస్తకం. ఏది ఎప్పుడు వెలిగిందో టైము వేసి రాసేవాడు.

మా షాపుల దగ్గర రోజంతా కూర్చునే వెంకటప్పయ్య అనే రిటైరైన కండక్టరుకు ఆ బోర్డు సినిమా కంటే బాగుండేది.

"నాగబాబూ, పసుపు వెలిగింది. పెద్దావిడ లోపలికెళ్ళారు."

"చూశాలెండి."

"పన్నెండు నిమిషాలు. నిన్న తొమ్మిదే. పొద్దున్నించి ఇది నాలుగోసారి."

రెండు రోజుల తర్వాత వెంకటప్పయ్య భార్య రాగి మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కింది. "తాగండి రత్తమ్మగారూ, మీకు కడుపు కదిలిందంట కదా."

"నీకెవరు చెప్పారు?"

"మావారు. బల్బులో చూశారంట."

ఆ పూట నాగబాబు అన్నానికి వెళ్తే తల్లి కంచం ముందు కూర్చుని ఎదురుచూస్తోంది. "ఏరా, నేను దొడ్డికెళ్తే బజారంతా తెలియాలా? బల్బొక్కటేం సరిపోద్ది, మైకు కూడా పెట్టించు. మేరీమాత తిరనాళ్ళకి పెడతారే, అట్టాంటిది."

అతను అన్నం తినేసి లేచాడు. సాయంత్రానికి బోర్డుకు టేకు చెక్కతో మూత చేసి, ఇత్తడి బందులు వేసి, తనకొక్కడికే కనపడేలా తిప్పి బిగించాడు. తల్లి ఏమన్నా అతని జవాబు ఒక వస్తువే అయ్యేది. ఆ మూత ఎంత నున్నగా మూసుకునేదో చెప్పలేను. కానీ ఆ తర్వాత రత్తమ్మ స్నానాలగది తలుపు మూయడం మానేసింది. నాగబాబు అయస్కాంతం వదులైందనుకుని మార్చాడు.

నెలలు గడిచాయి. ఎర్ర బల్బు ఒక్కసారి కూడా వెలగలేదు, హేమ వచ్చీపోయేటప్పుడు తప్ప. "చూశావా తిరుపతీ, అమ్మ ఒక్కసారన్నా గుమ్మం దాటలేదు. మనిషి నెమ్మదించింది" అని నాకు నోటుపుస్తకం చూపించేవాడు. అతనికి ఒక్క నారింజ బల్బుతోనే చిక్కు. రోజూ నాలుగింటికి వెలిగేది. ఐదు దాకా ఆరేది కాదు.

"చాపలోకి తడి దిగింది. రేకులు అతుక్కుంటున్నాయి" అన్నాడు. కొత్త చాప వేశాడు. అదీ నాలుగింటికి వెలిగింది. "ఆ టైముకి ఎండ గుమ్మంలోకి వస్తుంది. వేడికి స్పాంజి కుంగుతోంది" అన్నాడు. మందం స్పాంజి తెప్పించి మూడోది చేశాడు. నేను కూడా తల ఊపాను. మోటారు వైండింగులో వేడికి వచ్చే తంటాలు నాకు తెలుసు కదా.

చేతి కట్టు విప్పిన తర్వాత రత్తమ్మ రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి, "ఎలీసమ్మ కాలెట్టుందో చూసొస్తావా?" అంది. "ఆమెకి ఆసుపత్రి లేదా అమ్మా?" అన్నాడు. రెండోసారి డిసెంబరులో, అతను ఇంట్లో స్విచ్చి మారుస్తుంటే, "నువ్వింకేమీ చెప్పవురా నాకు?" అంది. "ఏం చెప్పాలి? ఆ పట్టకారు పట్టుకో" అన్నాడు. అంతకంటే అడిగితే అది అడిగి తీయించుకోవడం అవుతుంది. ఆవిడ పట్టకారు పట్టుకుంది.

ఎలిజబెత్ మెట్లు ఎక్కలేదు, ఈవిడ దిగదు. అందుకని మొదటి నెలల్లో నాలుగింటికి ఎలిజబెత్తే కర్ర పొడుచుకుంటూ మా సందులోకి వచ్చి, కింద నిలబడి పైకి అరిచేది. షాపులో కూర్చుంటే ప్రతి మాటా వినపడేది, పెద్దావిడ కిటికీలోంచి జవాబిస్తోందనుకునేవాళ్ళం.

"ఒదినా! రత్తమ్మొదినా! దిగిరావే!"

"చెయ్యింకా నెప్పిగా ఉందే."

"చెయ్యి నెప్పైతే కాళ్ళతో దిగు. చేతుల మీద నడవమన్నానా నిన్ను?"

"నీ కాలెట్టుంది?"

"ఉంది, నాకు కిందే ఉంది. నీకోసం అడుగుతుంది."

"ఉప్పునీళ్ళతో కడుగుతున్నావా?"

"కనపడితే కదా కడగటానికి! అందితే కదా!"

"ఆసుపత్రికి పోవే ముసలిదానా."

"పోతే కోస్తారంట. నువ్వొచ్చి కడుగు, కోతలెందుకు? ఏం, కోడలు తాళమేసిందా?"

"నా కోడలు బంగారం. నాకే ఓపిక లేదు."

కొడుకు కట్టిపడేశాడని సందులో అరవడం రత్తమ్మకు ఇష్టం లేకపోయింది. ఓపిక లేదనే అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఎలిజబెత్ కాసేపు పైకి చూసి, కర్ర తిప్పుకుని వెళ్ళిపోయేది. జనవరి మొదటి వారం తర్వాత రావడం మానేసింది. నారింజ బల్బు మాత్రం మానలేదు.

ఫిబ్రవరిలో తిరనాళ్ళు మొదలయ్యాయి. సందులు జనంతో కిక్కిరిసిపోయాయి. రెండో రోజు మధ్యాహ్నం హేమ ఇంటికి వస్తూ, "ఎలిజబెత్తమ్మ కొట్టు లేదు అత్తయ్యా ఈసారి, అక్కడ వేరేవాళ్ళు బొమ్మలు పెట్టారు" అని చెప్పింది. ఆ రోజు నారింజ బల్బు రెండున్నరకే వెలిగింది.

నాగబాబు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఇంక ఇది చాప కాదు. గోడలో తీగే ఎక్కడో కలుస్తోంది. మీటరు తీస్తున్నా, నువ్వూ రా తిరుపతీ. వెలుగుతుండగానే చూడాలి."

మెట్లెక్కాం. తలుపు తీసే ఉంది. గడపకు జానెడు లోపల, చాప మీద రత్తమ్మ నిలబడి ఉంది. కుడిచెయ్యి ద్వారబంధానికి ఆనించి, మెడ బయటికి చాచి సందు చివరికి చూస్తోంది. కాలివేళ్ళు గడపను తాకలేదు.

నాగబాబు చేతిలో మీటరు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఏంటమ్మా, ఇక్కడ నిలబడ్డావ్?"

"నించోకూడదా? అదీ రాస్తావా పుస్తకంలో?"

"రోజూ నిలబడతావా?"

"నీ బల్బుకి తెలీదా?"

అతను చాప కేసి చూశాడు, నా కేసి చూశాడు. రెండు చాపలు విప్పి పారేసి మూడోది వేశాడు. మూడూ బాగానే పనిచేశాయి. "తడి అనుకున్నా" అన్నాడు.

"దాని కొట్టు లేదంటరా. ఇన్నేళ్ళలో తిరనాళ్ళకి అది కొట్టు పెట్టకపోవటం ఇదే."

"అయితే వెళ్ళి చూసిరావచ్చుగా! తలుపు తీసే ఉందిగా. నేనేమన్నా తాళం వేశానా?"

రత్తమ్మ అతని ముఖంలోకి చూసింది. లోపల చీర మడత పెడుతున్న హేమ ఆ చీర అలాగే వదిలేసి గుమ్మం దాకా వచ్చింది.

"ఏవండీ, మీరు తెలిసే అంటున్నారా, తెలియక అంటున్నారా?"

"ఏంటి తెలిసేది?"

"ఆసుపత్రిలో ఒట్టేయించుకున్నారుగా! మీరు చెప్పేదాకా గడప దాటకూడదని. అది మీరే తియ్యాలి. మా వైపు ఎవర్నడిగినా చెప్తారు. ఏడు నెలల్నించి చూస్తున్నా, మీరు కావాలనే తియ్యట్లేదనుకున్నా. మెట్లంటే మీకు భయం కదాని నేనూ ఊరుకున్నా."

"అది... ఆ రోజేదో కంగార్లో..."

"కంగార్లో వేసినా ముడి ముడేరా" అంది రత్తమ్మ.

నాగబాబు మీటరు నా చేతికిచ్చాడు. తల్లి ముందు వంగి, ఆవిడ చెయ్యి తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. "తీసేశానమ్మా. నువ్వెక్కడికి కావాలంటే అక్కడికెళ్ళు."

ఆవిడ చెయ్యి వెంటనే తియ్యలేదు. "నీకప్పుడే జుట్టు ఊడిపోతోందిరా" అంది. తర్వాత కాలెత్తి గడప అవతల పెట్టింది.

రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద మోకాళ్ళు వణికాయి. నాలుగో మెట్టు మీద గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఏడు నెలలు రెండు గదుల్లో మంచం నుంచి వంటగదికి, వంటగది నుంచి గుమ్మానికి తిరిగిన కాళ్ళు. ఎన్నిసార్లు లేచిందో, ఎంతసేపు కూర్చుందో పుస్తకంలో ఉంది. కాళ్ళలో బలం పోతోందని చెప్పే బల్బు ఆ బోర్డులో లేదు.

"కాళ్ళు మర్చిపోయినయ్యిరా" అంది, నవ్వబోయి.

"లోపలికి పద, రేపు చూద్దాం" అన్నాడు నాగబాబు.

"నువ్వు తీశావుగా. ఇంకా నువ్వే చెప్తావా?"

నేను షాపుకు పరిగెత్తి చేతుల కుర్చీ తెచ్చాను. ఆవిణ్ణి కూర్చోబెట్టి నడుముకు తువ్వాలు కట్టాం. ముందు నేను, వెనక నాగబాబు పట్టుకున్నాం. పద్నాలుగు మెట్లు ఒక్కొక్కటే దించాం.

"మెల్లగా! చేపల గంపనుకున్నారా? గంపైతే నేనే మోసుకుపోదును, మీరెందుకు?" అంటూనే ఉంది.

వీధిలో జనం మమ్మల్ని చూసి, ముసలావిణ్ణి మొక్కు తీర్చడానికి కొండకు మోసుకెళ్తున్నారనుకున్నారు. "తప్పుకోండి, మొక్కు, మొక్కు" అంటూ దారి ఇచ్చారు. ఎవరో ఒకావిడ రత్తమ్మ చేతిలో కొవ్వొత్తి పెట్టి, తన పేరు కూడా చెప్పుకోమంది. రత్తమ్మ వద్దనకుండా తీసుకుంది. మేం కొండ వైపు కాకుండా కుడివైపు సందులోకి తిరిగేసరికి ఆవిడ తెల్లబోయి చూసింది.

ఎలిజబెత్ గదికి తాళం వేసి ఉంది. అరుగు మీద దుమ్ము. కుర్చీ దించి నిలబడ్డాం. పక్కింటి రాజ్యలక్ష్మి బయటికి వచ్చింది.

"ఎలిజబెత్తమ్మ లేరు పిన్నిగారూ. జనవరిలో కాలు నల్లబడిపోయింది. అవనిగడ్డ నించి తమ్ముడొచ్చి పెద్దాసుపత్రిలో చేర్చాడు. మోకాలి కింద తీసేశారు. సోమవారం అటునించి అటే వాళ్ళూరు తీసుకెళ్ళాడు."

"నాకో కబురు పెట్టొద్దా అమ్మాయ్?"

రాజ్యలక్ష్మి నేల చూపులు చూసింది. "పెడతానన్నాను పిన్నిగారూ. ఆవిడే వద్దన్నారు. రాదల్చుకున్నదైతే ఇన్ని నెలల్లో ఒక్కసారన్నా రాదా, ఊరుకో అన్నారు."

మైకులో పాట, జనం రొద. తమ్ముడి ఫోను నంబరు రాజ్యలక్ష్మి దగ్గర ఉంది. నాగబాబు తన సెల్లులో కొట్టాడు. రెండుసార్లు తగల్లేదు. మూడోసారి తమ్ముడు ఎత్తి, అక్క చెవి దగ్గర పెట్టాడు.

రత్తమ్మ కొవ్వొత్తి వదలకుండానే రెండు చేతులతో ఫోను పట్టుకుంది. "ఒసేయ్, నేనే... మీ ఇంటి ముందే కూచున్నా... లేదే, నిజం. కావాలంటే మీ రాజ్యాన్నడుగు."

అవతల మాటలు మాకు వినపడలేదు. రత్తమ్మ చాలాసేపు వింది. "ఊ" అంది. మళ్ళీ "ఊ" అంది. నాగబాబు ముందుకు వంగాడు. "చెప్పమ్మా. నేనే ఆపానని చెప్పు. ఒట్టేయించుకున్నానని చెప్పు. ఇటివ్వు, నేను చెప్తా."

ఆవిడ ఫోను మీద అరచెయ్యి మూసి, "నోర్ముయ్యి" అంది. చెయ్యి తీసి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎవరూ ఆపలేదే. నేనే... మెట్లంటే భయమేసింది. పడతానని భయమేసి రాలేదు."

మళ్ళీ వింది. తర్వాత ఫోను కొడుకు చేతికిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతిలో వెలిగించని కొవ్వొత్తి ఒత్తిడికి వంకర పోయింది. దాన్ని అరుగు మీద పెట్టింది.

"ఏమందమ్మా?" అన్నాడు నాగబాబు.

"పిరికిముండవంది. పట్టండి, లేపండి."